ముందు మీరు కానివ్వండి

మొదటి రోజు. ఎర్రర్లు: 417

లింకు పని జరిగినన్నాళ్ళూ ఈ పుస్తకంలో రోజూ రాయాలని పై ఆఫీసు ఆజ్ఞ. రాస్తున్నది వకుళ, ఎర్రకొండ కాలనీ లింకు ఇంజినీరు, ఏ పేటకూ చెందకుండా ఆఫీసు గదిలోనే కాపురం. చదివేవాళ్ళు ఎవరూ ఉండరని పదకొండేళ్ళ అనుభవం చెబుతోంది కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను.

పని ఇది. పడమర పేట గాలియంత్రం ముసలిదైపోయింది. ఇంకో తొమ్మిది రోజులకు మించి లాగదని ఫిట్టర్ నూకరాజు తేల్చేశాడు. ఆలోగా పడమర పేటను తూర్పు పేట గాలితో కలపాలి. కలపకపోతే పడమర పేట తలుపులు మూసి సీలు వేస్తారు. అందులో ఉన్న నూట ఎనభై ఆరు మందినీ మిగతా పేటలకు తలా కొందరు చొప్పున పంచేస్తారు. అరవై ఏళ్ళుగా ఒకే సొరంగంలో ఒకే పొయ్యి మీద వండుకు తిన్న మనుషులు వాళ్ళు. బయట అంగారకుడి మీద ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు, కాబట్టి బయటికి వెళ్ళి గుడిసె వేసుకునే వీలు కూడా లేదు.

పైపు బిగించడం నూకరాజు నిన్ననే ముగించాడు. కానీ పైపు మీద వాల్వు తెరవాల్సింది ప్రోగ్రాం. ఇక్కడ పేటకొక ప్రోగ్రాం, మా భాషలో ప్రాజెక్టు. గాలి, నీళ్ళు, వేడి, వంటిల్లు అన్నీ అదే నడుపుతుంది. రెండు పేటల ప్రాజెక్టుల్నీ లింకు చేసి బిల్డ్ కొట్టాలి, అంటే రెంటినీ ఒక్కటిగా కట్టి నడిపించి చూడాలి. ఎర్రర్లు సున్నా అయితే వాల్వు తెరుచుకుంటుంది. ఒక్కటున్నా తెరుచుకోదు.

ఇవాళ మొదటి బిల్డ్ కొట్టాను. నూకరాజు నా భుజం మీదుగా తెర వైపు తొంగిచూశాడు.

"ఏటమ్మా, అన్ని తప్పులేటి? నా పైపులో ఒక్క తప్పుంటే నన్ను పీకేత్తారు."

"ఎర్రర్ అంటే తప్పు కాదు నూకరాజూ."

"మరేటి?"

చాలాసేపు ఆలోచించాను. తప్పే.

రెండో రోజు. ఎర్రర్లు: 31

ఒక్క పూటలో 386 ఎర్రర్లు పోయాయి. కాలనీ అంతా నన్ను మేధావి అనుకుంటోంది. అనుకోనీ. జరిగింది మాత్రం ఇది. ఏడేళ్ళ కిందట తనిఖీకి ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడని, హుందాగా ఉంటుందని, తూర్పు పేటవాళ్ళు తమ ప్రాజెక్టులో "వంటిల్లు" అనే ఫోల్డరు పేరును "పాకశాల" అని మార్చారు. ఆఫీసరు రాలేదు, పేరు మాత్రం ఉండిపోయింది. తీరా ఇప్పుడు లింకు చేస్తే పడమర ప్రాజెక్టు వంటింటి కోసం వెతుక్కుంటూ 386 చోట్ల తల బాదుకుంటోంది. ఒక్క లైనులో దారి సరిచేశాను.

మా వృత్తిలో నాలుగొందల ఎర్రర్లు ఉంటే భయం లేదు. అవన్నీ ఒక్కదానికి పుట్టిన పిల్లలు. ఒకే ఒక్క ఎర్రర్ ఉన్నప్పుడే భయపడాలి.

సంగతి చెబుదామని తూర్పు పేటకు వెళ్ళాను. పేట పెద్ద భద్రంగారు గుమ్మంలోనే ఉన్నారు. నిలువెత్తు మనిషి, తెల్లమీసం, మాటకు ముందొక "అండి", మాటకు వెనకొక "అండి".

"రండి రండి ఇంజినీరమ్మగారండీ. ముందు కాస్త ఎంగిలిపడండి, తర్వాత ఎర్రర్ల సంగతి చూద్దాం."

"నేను తినే వచ్చినానండీ."

"అదేంటండీ, తినొస్తే మా ఇంటికి వచ్చినట్టెలా అవుతుందండీ?"

నాచుపిండితో చేసిన పూతరేకులు ఆరు తినిపించారు. ఏడోది జేబులో పెట్టారు.

మూడో రోజు. ఎర్రర్లు: 6

మిగిలినవన్నీ వెర్షన్ల గొడవ. తూర్పు పేట తొమ్మిదో వెర్షన్‌లో ఉంది. పడమర పేట నాలుగో దాంట్లోనే ఆగిపోయింది. ఎందుకు మార్చలేదని పడమర పేట పెద్ద మంగతాయారుగారిని అడిగాను. డెబ్భై దాటిన మనిషి. గాలి పల్చబడి రెండు మాటలకోసారి ఆగుతోంది, అయినా నాకోసం పనసపొట్టు లాంటిదేదో వండుతూనే ఉంది.

"అది మా మావగారు పెట్టిన వెర్షనండీ. తీసేత్తే... ఆయన ఏమనుకుంటారో అని."

ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది. తెర పైభాగంలో ఆయన పేరును అలాగే ఉంచి, కింద కోడ్ మాత్రం తొమ్మిదో వెర్షన్‌కు మార్చాను. ఆవిడ తెర మీద ఆ పేరును చూసుకుని తృప్తిగా తలూపింది. ఇరవై ఐదు ఎర్రర్లు పోయాయి. వెళ్ళేటప్పుడు ఆ కూర డబ్బా చేతికిచ్చింది. ఆ పేటలో ఇవాళ పిల్లల చేత పరుగులు మాన్పించారట, గాలి ఎక్కువ ఖర్చవుతుందని. అది విన్నాక డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టేశాను.

నాలుగో రోజు. ఎర్రర్లు: 1

వచ్చింది. అదే, ఆ ఒక్కటి.

"తూర్పు పేట, పడమర పేట కోసం వేచి ఉన్నది. పడమర పేట, తూర్పు పేట కోసం వేచి ఉన్నది."

పాత ఫైళ్ళు తుడిచి మళ్ళీ బిల్డ్ కొట్టాను. యంత్రం ఆపి మళ్ళీ పెట్టాను. లింకు ఊడదీసి మళ్ళీ వేశాను. పదహారు సార్లు కొట్టాను, పదహారు సార్లూ అదే మాట. చివరికి ఒక్కొక్క లైనూ చదువుకుంటూ పోతే రెండు ప్రాజెక్టుల అడుగునా ఒకే మాడ్యూలు, అదే ప్రోగ్రాం ముక్క, కనిపించింది. దాని పేరు "మర్యాద".

ఈ కాలనీకి మొదట వచ్చినవాళ్ళంతా గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళవాళ్ళు. మా తాత ఒక్కడే అనంతపురం వైపు మనిషి. వేరే ఓడ ఎక్కబోయి ఈ ఓడ ఎక్కాడు. నూకరాజు వాళ్ళు ఉత్తరాంధ్ర వైపు నుంచి చాలా తర్వాత వచ్చి తూర్పు పేటలో స్థిరపడ్డారు. ఆ మొదటి తరంవాళ్ళు సొంత చేతులతో రాసుకున్న మాడ్యూలిది. ఇందులో ఉన్నది ఒకే ఒక్క నియమం: అతిథికి అందనిదే ఇంటివాళ్ళకు ఏదీ ఇవ్వకూడదు. గాలైనా, నీళ్ళైనా, చారైనా సరే.

పేట విడిగా ఉన్నంతకాలం అతిథి ఎవరూ లేరు కాబట్టి అరవై ఏళ్ళూ చక్కగా నడిచింది. ఇప్పుడు లింకు వేశాక తూర్పుకు పడమర అతిథి, పడమరకు తూర్పు అతిథి. ముందు మీరంటే ముందు మీరని రెండు ప్రోగ్రాములూ చేతులు జోడించుకుని నిలబడ్డాయి.

నేను ఆశ్చర్యపోకూడదు. పోయిన ఏడాది మూడో నంబరు తలుపు దగ్గర ఇద్దరు ముసలాళ్ళు "మీరు పదండి", "అబ్బే, మీరు పదండి" అనుకుంటూ నలభై నిమిషాలు నిలబడితే, తలుపు పాడైందనుకుని నూకరాజు పనిముట్లతో పరిగెత్తాడు.

ఐదో రోజు. ఎర్రర్లు: 1

పరిష్కారం తేలికే. ఇద్దరిలో ఒకరు ఆ మాడ్యూల్లో ఒక్క లైను తీసేస్తే చాలు. కానీ మర్యాద మాడ్యూలు ముట్టుకోవాలంటే పేట పెద్ద వేలిముద్ర కావాలి. ఇద్దరినీ నా గదిలో కూర్చోబెట్టాను. వాళ్ళు కూర్చోవడానికే పావుగంట పట్టింది, ఎవరు ముందు కూర్చోవాలన్న దాని మీద.

"భద్రంగారూ, మీరు ఆ లైను తీసేయండి. ముందు మీ పేటకు గాలి వస్తుంది, మరుక్షణం వాళ్ళకు వస్తుంది. అంతే."

ఆయన మొహం ఎర్రబడింది. "ఎంత మాటండీ! ఊపిరాడక అవతల వాళ్ళు అల్లాడుతుంటే, ముందు మేం గుండెల్నిండా పీల్చుకుని, మిగిలింది వాళ్ళకి పంపిత్తామాండీ? మనుషులమేనాండీ మేము?"

న్యాయంగానే ఉంది. ఆవిడ వైపు తిరిగాను. "అయితే మంగతాయారుగారూ, మీరు తీసేయండి. ముందు మీకే వస్తుంది."

"బాగుందమ్మా. గాలి వారిది. పుచ్చుకునేది మేము. పుచ్చుకునేవాళ్ళమే... ముందు విస్తరేసుకుని కూర్చుంటే... చూసేవాళ్ళు ఏమంటారు?"

"ఎవరు చూస్తారండీ? మనమున్నది అంగారకుడి మీద!"

"అయితే మాత్రం?" అన్నారిద్దరూ ఒక్కసారే. ఆ ఒక్క మాటలో మాత్రం ఇద్దరూ కలిశారు.

బొమ్మా బొరుసా వేద్దామన్నాను. సరేనన్నారు. నాణెం గాల్లోకి ఎగరేశాను.

"మీరు చెప్పండమ్మా," అన్నారు భద్రంగారు.

"అబ్బే, ముందు మీరు కానివ్వండి," అంది మంగతాయారుగారు.

నాణెం కిందపడి దొర్లుకుంటూ బీరువా కిందికి వెళ్ళిపోయింది. నేను కూడా దాని వెనకే వెళ్ళిపోదామనుకున్నాను.

ఆరో రోజు. ఎర్రర్లు: 1

పై ఆఫీసుకు ఫోన్ చేసి, బలవంతంగా తీసెయ్యడానికి అనుమతి అడిగాను. పెద్దల సమ్మతితో చేసుకోండి అన్నారు. పై ఆఫీసు వాళ్ళలోనూ ఉన్నది ఆ గోదావరి నీళ్ళేనని మరిచిపోయాను.

పడమర పేటలో దీపాలు సగం ఆర్పేశారు. మెట్ల దగ్గర ఓ పెద్దాయన మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుని పైకెక్కాడు. నన్ను చూసి నవ్వి, "ఏమైనా తిన్నారాండీ?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. గది తలుపేసుకుని ఏడ్చాను.

ఏడో రోజు. ఎర్రర్లు: 1, తర్వాత మళ్ళీ 1

పొద్దున్నే మంగతాయారుగారు ఒంటరిగా వచ్చింది. కుర్చీలో కూర్చుని ఊపిరి కుదుటపడేదాకా ఆగింది.

"ఇంజినీరమ్మా, తీసెయ్యండి. మా మర్యాద పోతే పోయింది. పిల్లలు దగ్గుతున్నారు. సిగ్గు నేను మోత్తాను. భద్రంగారికి మాత్రం... చెప్పకండి."

వేలిముద్ర వేసింది. వెళ్ళేటప్పుడు కళ్ళొత్తుకుంది. నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. లైను తీసేశాను. ఇక బిల్డ్ కొట్టబోతుండగా భద్రంగారు వచ్చారు. ఆయనా ఒంటరిగానే.

"తీసెయ్యండమ్మా. ముందు మేమే పీల్చుకుంటాం. తిండిపోతులమని పేరొత్తే రానియ్యండి. ఆవిడ పుచ్చుకోలేక సచ్చిపోయేలా ఉంది. ముందు మేం మొదలెట్టేత్తే ఆవిడకి మొహమాటం ఉండదు కదండీ? ఆవిడకి మాత్రం చెప్పకండి."

"మీది అవసరం లే..." అనేలోగా వేలిముద్ర పడింది, లైను ఊడింది. బిల్డ్ దానంతట అదే మొదలైంది.

"రెండు పేటలూ ముందు తామేనని చెప్పుచున్నవి. మొదలు ఒక్కటే ఉండవలెను."

అరవై ఏళ్ళలో ఈ కాలనీలో ఇద్దరు ఒకేసారి "ముందు మేము" అనడం ఇదే మొదటిసారి. పైగా ఆ ఎర్రర్ రెండు పేటల తెరల మీదా పెద్ద అక్షరాలతో పడింది. దాంతో ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోయింది.

పది నిమిషాల్లో ఇద్దరూ నా గదిలో ఉన్నారు, సిగ్గుతో తలలు వంచుకుని. "ఆవిడెలాగూ ఒప్పుకుందిగా, మా లైను మాకు పెట్టేయండి," అని ఆయన. "ఆయన ఒప్పుకున్నారు కదా, మాది మాకు పెట్టెయ్యమ్మా," అని ఆవిడ. ఎవరిదో ఒకరిదే పెట్టాలని గొంతు చించుకున్నాను. నా మాట పూర్తికాకముందే ఇద్దరూ అక్కడే ఎవరి పేట తెర మీద వాళ్ళు వేలిముద్రలు వేసేశారు. ఈసారి మళ్ళీ మనసు మారకుండా తాళం కూడా వేసుకున్నారు. తెర మీద మళ్ళీ నాలుగో రోజు నాటి ఎర్రరే.

నూకరాజు గోడకానుకుని అంతా చూశాడు. "అమ్మా, ఈళ్ళు మంచోళ్ళు కాబట్టి సచ్చిపోతారు. అదే మా వోళ్ళయితే కొట్టుకునైనా బతికేసేవోళ్ళు."

ఎనిమిదో రోజు. ఎర్రర్లు: 1

నిద్ర లేవగానే తట్టింది. మా వృత్తిలో పాత చిట్కానే. రెండు ప్రాజెక్టులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి చిక్కుపడితే, వాటిని ఒకదాని వైపు ఒకటి చూడనివ్వకూడదు. ఇద్దరికీ కావాల్సింది తీసి మూడో ప్రాజెక్టులో పెట్టాలి. ఇద్దరూ దాని వైపు చూడాలి.

వాళ్ళిద్దరికీ కావాల్సింది అతిథి.

ఇద్దరినీ పిలిచి ఒకే ప్రశ్న వేశాను. "ఇంటికి చుట్టం వస్తే, ఆ ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు చుట్టాలా?"

"అదేంటండీ, చుట్టం ముందర ఇంట్లోవాళ్ళంతా ఒకటే కదండీ," అన్నారు భద్రంగారు.

"చుట్టం తిన్నాక?"

"అందరం కలిసి కూర్చుంటాం," అంది మంగతాయారుగారు. అంటూనే ఆగింది. ఆయన వైపు చూసింది. ఆయన ఆవిడ వైపు చూశారు. తాళాలు తీసి ఇద్దరూ వేలిముద్రలు వేశారు, ఎవరు ముందన్నది కూడా చూసుకోకుండా.

రెండు పేటలూ కలిసేచోట, పైపు పక్కన, ఒక మంచం పట్టే గది ఉంది. దానికొక బుల్లి ప్రాజెక్టు రాశాను, పన్నెండు లైన్లు. పేరు "అతిథి". మిగిలింది నిజంగా అందులో కూర్చునే మనిషి. ఆ గదిలో ఊపిరి వినిపించనిదే మర్యాద మాడ్యూలు ఒప్పుకోదు, ఆ మనిషి ఈ రెండు పేటల్లో దేనికీ చెందినవాడు కాకూడదు. మిగతా పన్నెండు పేటల్నుంచి ఐదుగురు వచ్చారు. గదిలో కూర్చోబెట్టగానే యంత్రం "తీసుకోండి" అంటుంది. ఐదుగురిలో ప్రతివాడూ, "అబ్బే, ముందు వాళ్ళకి ఇవ్వండి," అన్నాడు. అలా అనకూడదని చెప్పి పంపినా అన్నాడు. నోరు దానంతట అదే అనేసిందట.

నూకరాజు నావైపు అదోలా చూశాడు. "అమ్మా, ఎవరైనా పెడితే మీరేటంటారు?"

"పెట్టండి, ఆకలైతాంది అంటా."

"మరింకేటి," అన్నాడు.

తొమ్మిదో రోజు. ఎర్రర్లు: 0

అతిథి గదిలో కూర్చున్నాను. అద్దపు గోడలకు అటు వైపు తూర్పు పేట, ఇటు వైపు పడమర పేట. అందరూ నన్నే చూస్తున్నారు. పడమర పేట యంత్రం పొద్దుటి నుంచీ దగ్గుతోంది. మంగతాయారుగారిని ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. బిల్డ్ కొట్టాను.

"తీసుకోండి," అంది యంత్రం.

"తీసుకుంటా," అన్నాను.

గాలి వచ్చింది. ఏళ్ళ తరబడి పొదుపుగా పీల్చినవాళ్ళకు తెలుస్తుంది ఆ సుఖం.

"ఇంకొంచెం?" అంది యంత్రం.

ఇది నేను చదవలేదు. కొసరడం కూడా మాడ్యూల్లో రాసి పెట్టుకున్నారు మహానుభావులు. బాగుంది కదా అని "సరే" అన్నాను. అద్దం అవతల నూకరాజు తల బాదుకున్నాడు. "చాలు" అన్నాను. "అలా అంటే ఎలా, ఇంకొంచెం," అంది. "చాలు." "మొహమాటపడుతున్నారు." కడుపులోంచి అరిచాను: "చాలు సామీ, నా వల్ల కాదు!"

రెండు పేటల వాల్వులూ ఒకే క్షణంలో తెరుచుకున్నాయి. మంగతాయారుగారు తనను పట్టుకున్న చేతులు వదిలించుకుని నిటారుగా నిలబడింది. గట్టిగా ఊపిరి తీసుకుంది. తర్వాత ఆ పేటలో పిల్లలు పరుగులు మొదలుపెట్టారు. వద్దని ఎవరూ అనలేదు. నేను ఆనందం పట్టలేక ఆ బుల్లి గదిలో ఒక్కదాన్నే గంతులేశాను.

పన్నెండో రోజు. ఎర్రర్లు: 1

"అతిథి మూడు రోజులకు మించి ఉన్నచో ఇంటివారే."

గదిలో ఊపిరి వినిపించకపోతే వాల్వులు మూసుకుంటాయని మూడు రోజులుగా నేను అక్కడే ఉంటున్నాను. ఈ లైను మాడ్యూల్లో అన్నిటికంటే అడుగున ఉంది. నేను ఇంటిమనిషినైపోతే అతిథి లేనట్టే, అతిథి లేకపోతే వాల్వులు మూసుకున్నట్టే. నిల్వగాలితో పావుగంట నడుస్తుంది. ఆలోగా నేను సాగనంపించుకుని వెళ్ళి, కొత్తగా రావాలి. వెళ్ళడమంటే వెనక సొరంగం చుట్టూ తిరిగి అదే గుమ్మానికి చేరడం. పరిగెత్తితే నాలుగు నిమిషాలు.

నాలుగు నిమిషాలు కదా అనుకున్నాను. గోదావరివాళ్ళు గుమ్మం దగ్గర మనిషిని సాగనంపడం ఎంతసేపో మరిచాను. బొట్టు పెట్టారు. చీర పెట్టారు. పూతరేకుల డబ్బా ఇచ్చారు. మంగతాయారుగారు నా చెయ్యి వదలదు.

"అప్పుడే వెళ్ళిపోతారా? మూడ్రోజులూ... మూడు నిమిషాల్లా అయిపోయినాయి."

"మళ్ళీ వస్తానండీ. ఇప్పుడే వస్తా."

"అందరూ అలాగే అంటారు," అని ఏడ్చేసింది. ఆవిడను చూసి భద్రంగారు మీసం తుడుచుకున్నారు. అవతలి నుంచి నూకరాజు, "ఐదు నిముసాలే ఉన్నాయమ్మా!" అని కేకలు. చెయ్యి విడిపించుకుని, డబ్బా చంకలో పెట్టుకుని పరిగెత్తాను.

పరిగెడుతుంటే నాకూ ఏడుపొచ్చింది. పదకొండేళ్ళలో నన్నెవరూ అలా సాగనంపలేదు. వెళ్ళేచోటంటూ ఉంటే కదా.

నిమిషం మిగిలి ఉండగా గుమ్మానికి చేరాను. అప్పటికే ఇద్దరూ కాళ్ళకు నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఆయన ఆ పక్క, ఆవిడ ఈ పక్క.

"ఎంతకాలానికి కనపడ్డారండీ!" అన్నారు భద్రంగారు. "బాగా చిక్కిపోయారండీ."

మంగతాయారుగారు నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఈసారైనా నాలుగ్రోజులుండి వెళ్ళాలి."

"మూడే," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ. "మూడే ఉంటానండీ."